జీలుగు కల్లుకు పన్ను, బీరుకు పబ్బు: మన తాగుడు వెనకున్న చరిత్ర



పోడు మీద, 1/70 మీద, ఉద్యోగాల మీద మన గ్రూపులో చాలా రాసుకున్నాం. ఈసారి తాగే వాటి గురించి రాస్తున్నా. "ఇదేం టాపిక్ రా" అనుకోకండి. ఏజెన్సీలో జరిగిన ఒక పెద్ద తిరుగుబాటు మొదలవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి కల్లు మీద వేసిన పన్ను. ఇంకో సంగతి, సిటీలో చదువుకునే మన పిల్లలు ఎక్కువగా పడే మాట "మీవాళ్లు తాగుబోతులు కదా" అన్నది. ఆ మాట అన్నవాళ్లే శనివారం సాయంత్రం పబ్బుకెళ్లి, ఏ బీరు ఏ దేశానిది, ఏది చేదు, ఏది తీపి అని గంటలు గంటలు పోల్చుకుంటారు. అది కల్చర్ అట, మనది అలవాటు అట. ఈ తేడా ఎక్కడ పుట్టిందో చరిత్రలో వెతికితే దొరుకుతుంది.

ముందు రెండు రకాలు తెలుసుకోవాలి. ఒకటి పులియబెట్టింది, రెండోది బట్టీ పెట్టి దించింది. కల్లు, బీరు, లందా మొదటి రకం. ఇప్పసారా, విస్కీ, బ్రాందీ, రమ్ము రెండో రకం. మొదటిదాంట్లో మత్తు మామూలుగా నాలుగైదు శాతం చుట్టూ ఉంటుంది. రెండోది దానికి ఎన్నో రెట్లు ఘాటు. అన్నిటినీ కలిపి "మందు" అనేస్తే చరిత్రా అర్థం కాదు, ఆరోగ్యమూ అర్థం కాదు.

బీరు ఎలా చేస్తారు, లందా ఎలా చేస్తారు

బీరుకు మూలం బార్లీ గింజ. గింజను నానబెట్టి మొలకెత్తిస్తారు, మొలక రాగానే ఆరబెడతారు. మొలకెత్తిన గింజలో పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. దాన్ని దంచి వేడి నీళ్లలో కలిపితే తియ్యటి నీళ్లు వస్తాయి. అందులో హాప్స్ అనే తీగ పూలు వేసి మరిగిస్తారు. బీరులో చేదు ఆ పూలదే, ఎక్కువ రోజులు పాడవకుండా కాపాడేదీ అవే. చల్లారాక ఈస్ట్ కలిపితే పులుస్తుంది. కాస్త వెచ్చగా పులియబెడితే ఏల్, చల్లగా ఎక్కువ రోజులు ఉంచితే లాగర్. ఇవాళ మన షాపుల్లో కనిపించే బంగారు రంగు బీర్లన్నీ దాదాపు లాగర్లే. ఆ బంగారు రంగు లాగర్ పద్ధతి 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో మొదలైంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. బస్తర్, కోరాపుట్ కొండల్లో చేసే లందా కూడా ధాన్యం పులియబెట్టి చేసేదే. బియ్యప్పిండినో రాగిపిండినో ఉడికించి, మొలకెత్తించిన గింజల పొడి కలిపి, కుండలో రోజుల తరబడి ఉంచుతారు. అంటే మొలక గింజతో పిండిని చక్కెర చేసే కిటుకు మన అవ్వలకూ తెలుసు. జార్ఖండ్ సంతాలీలు చేసే హండియాలో మొలకకు బదులు అడవి వేర్లు కలిపిన బిళ్లలు వాడతారు. పేరు వేరు, కుండ వేరు, కానీ శాస్త్రం చూస్తే ఇవన్నీ బీర్లే. ప్రపంచంలో బీరు బార్లీతో మాత్రమే చేయాలని ఏ ప్రకృతి నియమమూ లేదు. 1516లో జర్మనీలోని బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేం వేయకూడదని చట్టం చేశారు. అది వాళ్ల దేశం చట్టం. దాన్ని కొలబద్దగా పెట్టుకుని మన కుండను తక్కువ చేయాల్సిన పని లేదు.

జీలుగు కల్లు సంగతి ఇంకా సులువు. జీలుగు చెట్టును బస్తర్‌లో సల్ఫీ అంటారు, ఒడిశా వైపు సలప అంటారు. చెట్టు చాలా ఏళ్లు పెరిగాకే గెల వేస్తుంది. గెల కోసి కుండ కడితే పొద్దున్నకు తియ్యటి నీరు దిగుతుంది. గాలిలో, కుండ అంచున ఉన్న సహజమైన ఈస్ట్‌తో గంటల్లోనే అది పులవడం మొదలవుతుంది. పొద్దున దించింది పిల్లలు కూడా తాగేంత తీపి, సాయంత్రానికి కల్లు, మర్నాటికి పులుపు. నిల్వ ఉండదు కాబట్టి దూరం పోదు. ఊరి చెట్టు కల్లు ఊరే తాగాలి. అడ్డాకు డొప్పలో పోసి, పెద్దలకు ఒక చుక్క నేల మీద వదిలి, అందరూ కూర్చుని తాగుతారు.

బెల్జియంలో బ్రస్సెల్స్ దగ్గర లాంబిక్ అనే బీరు చేస్తారు. దానికి ఈస్ట్ కలపరు. మరిగించిన నీళ్లను వెడల్పాటి తొట్టిలో పోసి, రాత్రంతా కిటికీలు తెరిచి పెడతారు. గాలిలోని ఈస్ట్ దాంట్లో పడి పులుస్తుంది. మన కల్లు పులిసే పద్ధతే అది. బీరు ఇష్టపడేవాళ్లు ఆ లాంబిక్ కోసం ప్రపంచం నలుమూలల నుంచీ వెళ్తారు. 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లది వారసత్వం అయినప్పుడు జీలుగు కల్లు మాత్రం ఎక్సైజ్ కేసు ఎందుకైంది? దానికి జవాబు 1800ల్లో ఉంది.

ఇంగ్లండ్‌లో ఒక చట్టం, రంపలో ఇంకో చట్టం

పబ్ అంటే పబ్లిక్ హౌస్, పదిమంది కూడే ఇల్లు. ఇంగ్లండ్ పల్లెల్లో అది మన రచ్చబండ లాంటిది. 1700ల్లో లండన్‌లో జిన్ అనే బట్టీ సారా విపరీతంగా పెరిగి పేదల కొంపలు కూల్చింది. 1751లో దాన్ని అదుపు చేయడానికి చట్టం తెచ్చారు. అదే ఏడు హోగార్త్ అనే చిత్రకారుడు రెండు బొమ్మలు వేశాడు. ఒకదాంట్లో జిన్ తాగి నాశనమైన వీధి, ఇంకోదాంట్లో బీరు తాగి కళకళలాడే వీధి. తర్వాత 1830లో బీర్‌హౌస్ చట్టం వచ్చింది. పన్ను కట్టే మామూలు మనిషి ఎవరైనా రెండు గినీలు చెల్లించి లైసెన్సు తీసుకుని, తన ఇంట్లోనే బీరు కాచి అమ్ముకోవచ్చు అంది ఆ చట్టం. జనాన్ని జిన్ నుంచి బీరు వైపు మళ్లించాలన్నది కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి.

తన దేశంలో ఇలా తేలిక పరిచిన దొరతనమే మన దగ్గర ఏం చేసిందో చూడండి.

రంప ప్రాంతాన్ని 1813 నుంచి మన్సబ్దారు చేతిలో పెట్టారు. కింద ముఠాదారులు, వాళ్ల కింద కొండరెడ్లు, కోయలు. మన్సబ్దారు ఏటికేడు పన్నులు పెంచుతూ పోయాడు. కట్టెకు పన్ను, పశువుల మేతకు పన్ను. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు చిన్న చిన్న అప్పులకు కోర్టు డిక్రీలు తెచ్చి పశువులు తోలుకుపోయేవాళ్లు. పోలీసులు వాళ్ల పక్షం. వీటన్నిటి మీద కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చిపడ్డాయి. ఇంటి వాడకానికి కూడా కల్లు గీయకూడదన్నారు. కల్లు హక్కును కాంట్రాక్టర్లకు పాడేశారు. ఆ కాంట్రాక్టర్లు చెట్టు గీయాలంటే "చిగురుపన్ను" కట్టమన్నారు. అది చాలదన్నట్టు, చిగురుపన్నులో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా "మొదలుపన్ను" పేరుతో తనకూ కట్టాలన్నాడు మన్సబ్దారు.

దీని బరువు తెలియాలంటే ఎండాకాలం కొండల్లో బతుకు తెలియాలి. పోడు గింజలు అయిపోయి, వాన ఇంకా పడని నెలల్లో కల్లు చాలా ఇళ్లలో కడుపు నింపేది. అంటే తిండి మీద పన్ను వేసినట్టే. తాతలు కాచుకున్న చెట్టు ఎక్కడానికి ఎవడో కాంట్రాక్టర్‌కు డబ్బు కట్టాలా అన్న కోపం దానికి తోడైంది.

1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముందు నిలబడ్డారు. చంద్రయ్య అడ్డతీగల పోలీస్ స్టేషన్ తగలబెట్టాడు. మంట రంప నుంచి గొలుగొండ కొండలకు, అక్కడి నుంచి భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లిలో పోడు మీద పెంచిన పన్ను కూడా కారణమే. అణచడానికి మద్రాసు పదాతి దళాలు, గుర్రపు దళం, హైదరాబాదు కంటింజెంట్ సైన్యం దిగాయి. 1880లో చంద్రయ్య, తమ్మన్నదొర ఇద్దరూ చంపబడ్డారు. పట్టుబడినవాళ్లలో కొందరిని అండమాన్ పంపారు.

ఓడిపోయారు అని పుస్తకం మూసేయకండి. విచారణలో జనం చెప్పిందాంట్లో నిజముందని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. మన్సబ్దారును తొలగించారు. ముఠాదారులకు నేరుగా సనదులు ఇచ్చారు. ఇంటి వాడకానికి కల్లు గీసుకునే హక్కు కొండవాళ్లకు తిరిగి వచ్చింది. మన పెద్దలు ప్రాణాలిచ్చి గెలుచుకున్న హక్కుల్లో ఇదొకటి. మన పాఠ్యపుస్తకాల్లో ఇది రెండు లైన్లు దాటదు.

ఆబ్కారీ అంటే ఆదాయం

రంప ఒక్కచోటే ఇలా జరగలేదు. 1878లో బొంబాయి ఆబ్కారీ చట్టం వచ్చింది. ఊళ్లలో సారా కాచుకోవడం నేరమైంది, కాచే హక్కు పెద్ద డిస్టిలరీలకు పోయింది. ఇప్పపువ్వు ఇంట్లో ఉంటే సారా కాస్తారని 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే మౌరా చట్టం తెచ్చారు. తిండికి, మందుకు, పశువులకు వాడే పువ్వు అది. మద్రాసు రాష్ట్రానికి 1886లో ఆబ్కారీ చట్టం వచ్చింది. భూమి శిస్తు తర్వాత ప్రభుత్వానికి వచ్చే పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటైపోయింది. "గిరిజనుల తాగుడు మాన్పించాలి" అని కాగితాల మీద రాసుకుంటూనే, ఊరి కుండ పగలగొట్టి ఊరి చివర కాంట్రాక్టర్ దుకాణం తెరిచారు. ఇంట్లో పండగకు తాగేవాడు రోజూ దుకాణంలో అప్పు పెట్టి తాగేవాడయ్యాడు. భూమి పోవడానికి ఆ అప్పు కూడా ఒక దారి.

అదే కాలంలో బీరు కథ చూడండి. తెల్ల సిపాయిలకు బీరు కావాలి. మొదట్లో ఓడల్లో లండన్ నుంచి, తర్వాత బర్టన్ నుంచి వచ్చేది. ఇవాళ పబ్బుల్లో ఐపీఏ అని అడిగి తాగే ఇండియా పేల్ ఏల్‌కు ఆ పేరు ఇలా మన దేశానికి వచ్చిన సరుకు వల్లే పడింది. తర్వాత ఇక్కడే కాయడం మొదలైంది. కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యర్ బ్రూవరీ పెట్టాడు, అది తర్వాత సోలన్‌కు మారింది. లయన్ బీరు వాళ్లదే. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ ఆయన కొడుకే. 1860లో ముర్రీ బ్రూవరీ వచ్చింది, అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. దక్షిణాదిలో ఉన్న చిన్న బ్రూవరీలను కలిపి 1915లో థామస్ లీష్‌మన్ యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. ఇవాళ్టి కింగ్‌ఫిషర్ ఆ కంపెనీదే.

బార్లీ నీళ్లకు లైసెన్సు, రైలు, కంటోన్మెంటు అన్నీ దొరికాయి. జీలుగు నీళ్లకు పన్ను, పోలీసు దొరికారు. ఒకటి నాగరికం, ఇంకోటి అనాగరికం అన్న ముద్ర రుచిని బట్టి పడలేదు. లైసెన్సు ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి పడింది.

మనవాళ్లే వద్దన్న సందర్భాలు

ఇక్కడితో ఆపేస్తే సగం చరిత్రే చెప్పినట్టు. తాగుడు వద్దని లేచిన ఉద్యమాలు కూడా మనవే.

1922లో మన్యం పోరాటం మొదలు కాకముందు అల్లూరి సీతారామరాజు ఊరూరా తిరిగి తాగుడు మానమని, తగాదాలు పంచాయితీల్లో తీర్చుకోమని చెప్పేవాడు. అదే 1922–23లో దక్షిణ గుజరాత్ ఆదివాసీల్లో దేవీ ఉద్యమం వచ్చింది. దేవి చెప్పిందని వేల మంది సారా మానేశారు, సారా దుకాణాల వాళ్లను, భూములు మింగిన వాళ్లను బహిష్కరించారు. 1800ల్లో తాగే హక్కు కోసం కొట్లాడినవాళ్లకూ, 1920ల్లో మానేసినవాళ్లకూ ప్రత్యర్థి ఒక్కడే. దుకాణం పెట్టి అప్పు ఇచ్చి భూమి లాక్కునేవాడు. ఈ సంగతి అర్థమైతే రెండు ఉద్యమాల మధ్య గొడవేం కనపడదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అంతకు పదేళ్ల ముందు నుంచి వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్ సారాను పల్లె పల్లెకూ పంపుతోంది. ఆ ఆడవాళ్ల పోరాటంతో 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. ఖజానాకు డబ్బు కావాలి అన్న పాత పాట అప్పుడూ వినిపించింది.

మన గూడేల్లో ఇవాళ పాడు చేస్తున్నది ఎక్కువగా జీలుగు కల్లు కాదు. బెల్ట్ షాపులో దొరికే చీప్ లిక్కర్, యూరియా కలిపి కాచే నాటుసారా, మత్తుమందు కలిపిన కల్తీ కల్లు. వీటివల్ల పోయిన మామలు, బాబాయిలు మనలో చాలామందికి ఉన్నారు. మన సంస్కృతి అని చెప్పి ఆ చావులను కప్పిపెట్టకూడదు. కల్తీ అన్నదానికి సంస్కృతితో సంబంధం లేదు. అది వ్యాపారం.

వాళ్లు కాపాడుకున్న తీరు

బ్రిటన్‌లో 1971లో కొందరు బీరు ప్రియులు కామ్రా అనే సంఘం పెట్టారు. పెద్ద కంపెనీలు అన్ని ఊళ్లలో ఒకే రుచి బీరు పోస్తున్నాయి, మా ఊరి ఏల్ చచ్చిపోతోంది అన్నది వాళ్ల బాధ. 1963లోనే అక్కడ ఇంట్లో కాచుకునే బీరుకు లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. అమెరికాలో 1978లో అలాంటి చట్టమే వచ్చింది, అక్కడి క్రాఫ్ట్ బీరు అందులోంచే ఎదిగింది. ఉత్తర ఇంగ్లండ్‌లో హెస్కెట్ న్యూమార్కెట్ అనే చిన్న ఊళ్లో జనం వాటాలు వేసుకుని ఊరి బ్రూవరీని, తర్వాత 2003లో ఊరి పబ్బును సొంతం చేసుకున్నారు. ఊరి పానీయం ఊరిదే అని వాళ్లు అంటే ప్రపంచం మెచ్చుకుంటోంది.

హైదరాబాద్‌లో కూడా 2015లో ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. హోటల్లోనే బీరు కాచి అక్కడే పోయొచ్చు. సిటీలో అక్కడే కాచి అక్కడే తాగితే అది లైసెన్సున్న వ్యాపారం. మన గూడెంలో అదే పని చేస్తే?

చట్టం మన వైపు అసలు లేదనుకోకండి. గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారం ఆపాలని, ఆదివాసీలు ఇంటి వాడకానికి సంప్రదాయ పానీయం చేసుకోవడానికి ఒప్పుకోవాలని 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 1996లో పెసా చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 4(ఎం) ప్రకారం మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, లేదా అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలి. అంటే ఊళ్లో బ్రాందీ షాపు వద్దు అనే హక్కూ మనదే, జీలుగు చెట్టు మాది అనే హక్కూ మనదే.

వేరే రాష్ట్రాల ఆదివాసీలు కొంత ముందుకెళ్లారు. అస్సాంలో దిమాసాలు బియ్యంతో చేసే జుదిమాకు 2021లో జీఐ గుర్తింపు వచ్చింది. అదే ఏడు మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మే విధానం ప్రకటించింది. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉంది. పేరు మనది, సీసా ఇంకొకరిది అయితే 1878 మళ్లీ వచ్చినట్టే. ఇప్పపువ్వుతో సారానే చేయాలని కూడా లేదు. ఉట్నూరులో మన ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, ఆ డబ్బు వాళ్ల చేతికే వస్తోంది.

నేను తాగమనీ చెప్పట్లేదు, మానమనీ చెప్పట్లేదు. అది మీ ఇష్టం, మీ ఇంటి పెద్దల ఇష్టం. తాగనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ల నిర్ణయం గొప్పది. అడిగేది మూడు పనులు. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు జీలుగు, ఇప్ప, లందాకు సంబంధించిన మాటలు మీ అవ్వలు, తాతల దగ్గర మన భాషలోనే రాసుకోండి. చెట్టు గీసే పద్ధతి, కుండకు పేరు, పెద్దలకు వదిలేటప్పుడు చెప్పే మాట, అన్నీ. రెండోది, మీ ఊళ్లో మద్యం షాపుకు గ్రామసభ తీర్మానం జరిగిందా, రిజిస్టర్‌లో ఎవరి సంతకాలున్నాయి అని అడగండి. మూడోది, "మీవాళ్లు తాగుబోతులు" అని ఎవరైనా అంటే తల దించుకోకండి. చిగురుపన్ను కథ చెప్పండి. తమ్మన్నదొర పేరు చెప్పండి.

మీ ప్రాంతంలో జీలుగు కల్లును ఏమంటారో, లందా ఎలా చేస్తారో తెలిసినవాళ్లు కింద రాయండి. అందరివీ ఒకచోట పెడదాం.

జోహార్. జై ఆదివాసీ.